ఒకే ఆల్బమ్, ఎన్నో రూపాలు: ఈనాటి చెవికి బీటిల్స్ ‘రివాల్వర్’

సంక్షిప్తంగా: బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ 1966లో తెచ్చిన ‘రివాల్వర్’ ఇప్పుడు స్ట్రీమింగ్‌లో కనీసం మూడు రూపాల్లో దొరుకుతోంది. శబ్దమంతా ఒకే ధారగా వచ్చే నాటి మోనో, ఎడమ కుడి స్పీకర్లకు శబ్దాన్ని వేరుగా పంచే నాటి స్టీరియో, 2022లో కొత్తగా చేసిన స్టీరియో. పాటలు అవే, పాడినవారూ వారే, వినిపించే తీరు మాత్రం వేరు. ఒక చెవిలోనే గొంతు వినిపించడానికీ, ‘ఏఐతో చేసిన బీటిల్స్’ అన్న ప్రచారానికీ మూలం ఒకటే: నాలుగు ట్రాకుల టేపు, అంటే నాలుగు విడి వరసల్లోనే శబ్దం పట్టగల టేపు. ఆ టేపు పరిమితి తెలిస్తే ఆల్బమ్ బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి.

## గొంతు కుడి చెవిలోకి ఎందుకు జరిగింది?

బీటిల్స్‌ను కొత్తగా వినేవారికి మొదట తమ ఇయర్‌ఫోన్స్ మీదే అనుమానం వస్తుంది. ‘ఎలినర్ రిగ్బీ’ పాత స్టీరియో మిక్స్‌లో, అంటే రికార్డయిన భాగాలను కలిపి చేసిన తుది రూపంలో, మొదట బృందగానం రెండు వైపులా నిండుగా వినిపిస్తుంది. చరణం మొదలవగానే పాల్ మెకార్ట్నీ గొంతు కుడివైపుకు జరిగిపోయి అక్కడే ఉండిపోతుంది. ‘టాక్స్‌మ్యాన్’లో డ్రమ్స్, బాస్, రిథమ్ గిటార్ మూడూ ఎడమ చెవిలో ఇరుక్కుని ఉంటాయి. ప్రపంచంలోనే గొప్ప ఆల్బమ్ అని విని పెట్టుకున్నవారికి ఇదేమిటన్న సందేహం రావడం సహజం.

దీనికి జవాబు 1966 నాటి బ్రిటిష్ ఇళ్లలో ఉంది. అప్పటి యువత పాటలు విన్నది ఒకే స్పీకరున్న రికార్డ్ ప్లేయర్ల మీద, చిన్న రేడియోల మీద. పాప్ రికార్డు అంటే మోనో రికార్డే. నిర్మాత జార్జ్ మార్టిన్, బీటిల్స్ నలుగురూ కూర్చుని, విని, మార్చి, మళ్లీ విని ఖాయం చేసింది మోనో మిక్స్‌నే. స్టీరియో అప్పటికి ఖరీదైన పరికరాలున్న కొద్దిమంది కోసం, ఎక్కువగా శాస్త్రీయ సంగీతం వినేవారి కోసం ఉన్న వసతి. అందుకే స్టీరియో మిక్స్ తక్కువ సమయంలో, తక్కువ శ్రద్ధతో పూర్తయ్యేది. ఈ ప్రాధాన్యం తారుమారు కావడానికి మరో రెండు మూడేళ్లు పట్టింది. బీటిల్స్ ప్రత్యేకంగా మోనో మిక్స్ చేసిన చివరి ఆల్బమ్ 1968 నవంబరులో వచ్చింది. 1969 నాటి ‘యాబీ రోడ్’ స్టీరియోలోనే విడుదలైంది.

తర్వాతి కాలం మోనోను పక్కన పెట్టింది. 1987లో ‘రివాల్వర్’ సీడీగా వచ్చినప్పుడు అందులో ఉన్నది స్టీరియో మిక్సే. అంటే రెండు మూడు తరాల శ్రోతలకు ఈ ఆల్బమ్ పరిచయమైంది దాన్ని తయారుచేసినవారు రెండో స్థానమిచ్చిన రూపంలో. ‘రివాల్వర్’ గురించి నేడు జరిగే చాలా వాదనల్లో ఈ ఒక్క విషయం మరుగున పడిపోతుంది.

ఇక ఇయర్‌ఫోన్స్ సంగతి. గదిలో రెండు స్పీకర్లు పెట్టి వింటే ఎడమ స్పీకరు శబ్దం ఎడమ చెవికే పరిమితం కాదు. క్షణంలో చిన్న వంతు ఆలస్యంగా, కాస్త తగ్గి, కుడి చెవికీ చేరుతుంది. గోడలు కూడా దాన్ని తిప్పి పంపుతాయి. ఆ తేడాలను బట్టే మెదడు శబ్దం ఎటునుంచి వస్తోందో అంచనా వేస్తుంది. ఇయర్‌ఫోన్స్‌లో ఈ కలయికకు దారే లేదు. ఎడమవైపు రికార్డయినది ఎడమ చెవికి తప్ప మరెక్కడికీ పోదు. నిజ జీవితంలో ఏ శబ్దమూ అలా ఒకే చెవికి వినిపించదు కనుక మెదడుకు అది అసహజంగా తోస్తుంది. స్పీకర్ల మీద వింతగా, సరదాగా ఉండే మిక్స్ ఇయర్‌ఫోన్స్‌లో చిరాకు పెట్టడానికి కారణం ఇదే.

## నాలుగు ట్రాకుల లెక్క

లండన్ యాబీ రోడ్‌లో రికార్డుల సంస్థ ఈఎంఐకి చెందిన స్టూడియోలో 1966 ఏప్రిల్ 6న మొదలైన రికార్డింగ్ జూన్ 21 నాటికి ముగిసింది. ఆగస్టు 5న బ్రిటన్‌లో 14 పాటలతో ఆల్బమ్ విడుదలైంది. అప్పుడు స్టూడియోలో ఉన్నది స్టూడర్ జె37 టేపు యంత్రం. అంగుళం వెడల్పున్న టేపు మీద నాలుగు ట్రాకులు. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌లో వందల ట్రాకులు పెట్టుకోవచ్చు. అప్పుడు ఎన్ని వాయిద్యాలున్నా, ఎన్ని గొంతులున్నా ఆ నాలుగింట్లోనే సర్దాలి.

పద్ధతి సాధారణంగా ఇలా సాగేది. డ్రమ్స్, బాస్, గిటార్ కలిపి వాయించి ఒక ట్రాకులో పడేస్తారు. మిగతా మూడింట్లో గొంతులు, అదనపు గిటార్లు, తాళవాద్యాలు నింపుతారు. అవీ నిండిపోతే నాలుగింటినీ కలిపి మరో టేపు మీదికి తక్కువ ట్రాకులుగా దించుతారు. ఖాళీ అయిన ట్రాకుల్లో మళ్లీ కొత్తవి చేరుస్తారు. ఒకసారి అలా కలిపాక వెనక్కి వెళ్లే దారి లేదు. పప్పుచారులో కలిసిన పులుపును విడదీయలేనట్టే, డ్రమ్స్‌తో కలిసిపోయిన గిటార్‌ను విడిగా పెంచడం, తగ్గించడం కుదరదు. స్టీరియో మిక్స్ చేసే ఇంజినీరు ముందు ఉండేవి నాలుగు ముద్దలు. వాటిలో ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఒకటి మధ్యకు. ‘టాక్స్‌మ్యాన్’ బృందమంతా ఎడమవైపుకు పోయింది అందుకే. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు. టేపులోనే మరో వీలు లేదు.

అయితే ఇదే పరిమితి ఆల్బమ్‌కు బలాన్నీ ఇచ్చింది. ఏ నిర్ణయమైనా వాయిస్తున్నప్పుడే తీసుకోవాలి. డ్రమ్స్ శబ్దం ఎంత దగ్గరగా ఉండాలి, గొంతు ఎంత మారిపోవాలి, గిటార్‌కు ఎంత కరుకుదనం ఉండాలి అన్నవి తర్వాత చూసుకుందాం అనడానికి లేదు. అప్పటికి 20 ఏళ్లున్న కొత్త ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ ఇక్కడే సంస్థ నియమాలను పక్కన పెట్టాడు. బాస్ డ్రమ్ లోపల ఉన్ని స్వెటర్ కుక్కి, మైకును అనుమతించిన దూరం కన్నా బాగా దగ్గరకు జరిపాడు. ‘ఎలినర్ రిగ్బీ’లో వాయించిన ఎనిమిది మంది తంత్రీవాద్య కళాకారులకూ, అంటే నాలుగు వయొలిన్లు, రెండు వియోలాలు, రెండు చెలోలకు, మైకులు తీగలకు ఆనుకునేంత దగ్గరగా పెట్టాడు. ఆ పాటలో కమాను తీగను కొరుకుతున్నట్టు వినిపించే పదును అందులోంచి వచ్చిందే. గదిలో దూరంగా పెట్టిన మైకుతో అదే స్వరరచన ఓ మర్యాదస్తుల కచేరీలా మిగిలిపోయేది.

స్టూడియో ఇంజినీరు కెన్ టౌన్‌సెండ్ కనిపెట్టిన ‘ఏడీటీ’ (ఆర్టిఫిషియల్ డబుల్ ట్రాకింగ్) కూడా ఈ రికార్డింగుల కాలంలోనే పుట్టింది. గొంతుకు నిండుదనం రావాలంటే గాయకుడు అదే చరణాన్ని రెండుసార్లు పాడాలి. జాన్ లెనన్‌కు ఆ పని విసుగు. టౌన్‌సెండ్ రెండో టేపు యంత్రం వేగాన్ని కొద్దిగా అటూ ఇటూ మారుస్తూ, పాడిన గొంతుకే కాస్త ఆలస్యమైన జంట గొంతును తయారుచేశాడు. ఆల్బమ్ అంతటా గొంతుల చుట్టూ ఉండే ఆ తేలికపాటి వణుకు దాని ఫలితం. తర్వాతి కాలంలో ప్రతి స్టూడియోలోనూ కోరస్ పరికరాలుగా స్థిరపడ్డ పద్ధతులకు ఇది తొలి రూపాల్లో ఒకటి.

ఆల్బమ్‌లో చివర ఉన్న ‘టుమారో నెవర్ నోస్’ నిజానికి మొదట రికార్డయిన పాట. దాదాపు మొత్తం ఒకే శ్రుతి మీద నిలిచి ఉంటుంది, అడుగున తంబురా మోగుతూ ఉంటుంది. చివరి భాగంలో లెనన్ గొంతును హామండ్ ఆర్గన్‌కు వాడే, లోపల తిరుగుతూ ఉండే లెస్లీ స్పీకరు గుండా పంపారు. పక్షుల కూతల్లా వినిపించేవి టేపు ముక్కల రెండు కొసలు కలిపి చేసిన చుట్లు. భవనంలోని వేర్వేరు టేపు యంత్రాల మీద వాటిని తిప్పుతూ, సిబ్బంది పెన్సిళ్లతో టేపు బిగువు పట్టుకుని నిలబడితే, మిక్సింగ్ బల్ల దగ్గర వాటి స్థాయిలను అప్పటికప్పుడు చేతులతో పెంచి తగ్గించారు. ఆ పాట మోనో మిక్స్‌లకు మరో చిన్న చరిత్ర కూడా ఉంది. మొట్టమొదట అచ్చయిన కొన్ని మోనో ఎల్పీలలో పొరపాటున వేరే మిక్స్ చేరిపోయింది, తర్వాత మార్చారు. రికార్డులు సేకరించేవారు ఆ తొలి ప్రతుల కోసం ఇప్పటికీ వెతుకుతుంటారు.

మోనోకూ స్టీరియోకూ ఉన్న తేడాలు స్థానాలతో ఆగవు. ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’లో వెనక్కి తిప్పిన గిటార్ వినిపించే చోట్లు రెండింట్లో వేరు. ‘గాట్ టు గెట్ యూ ఇంటు మై లైఫ్’ మోనోలో ఎక్కువసేపు సాగి ముగుస్తుంది, చివర మెకార్ట్నీ అరుపులు కూడా మరికొన్ని వినిపిస్తాయి. ఒక మిక్స్‌కు మరో మిక్స్ నకలు అనుకోవడం సరికాదు.

## 2022లో ఏం జరిగింది, ఏం జరగలేదు

జార్జ్ మార్టిన్ కుమారుడు జైల్స్ మార్టిన్ 2017లో ‘సార్జంట్ పెప్పర్’ను కొత్తగా మిక్స్ చేశారు. ఆ ఆల్బమ్‌లో ట్రాకులు కలపడానికి ముందరి టేపులు భద్రంగా ఉండడంతో ఒక్కో వాయిద్యాన్ని విడిగా అందుకోగలిగారు. ‘రివాల్వర్’కు ఆ పద్ధతి సరిపోలేదు. డ్రమ్స్, బాస్, గిటార్‌లను మొదటి క్షణం నుంచే ఒకే ట్రాకులో వాయించినచోట వెనక్కి వెళ్లి తెచ్చుకోవడానికి ఏమీ లేదు.

దారి చూపింది సినిమా రంగం. బీటిల్స్ 1969 నాటి చిత్రీకరణతో పీటర్ జాక్సన్ 2021లో డాక్యుమెంటరీ తీసినప్పుడు, గిటార్ల రొదలో మునిగిపోయిన మాటలను బయటికి తీయడానికి ఆయన సంస్థ వింగ్‌నట్‌లో ఎమిల్ డి లా రే నాయకత్వాన ఒక పద్ధతి తయారైంది. ఏ వాయిద్యం ఎలా మోగుతుందో, ఏ గొంతు ఎలా ఉంటుందో కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు నమూనాలతో నేర్పుతారు. కలిసిపోయిన శబ్దంలో ఏ భాగం ఎవరిదో అది గుర్తించి విడదీస్తుంది. దీన్నే డీమిక్సింగ్ అంటున్నారు. ఇలా విడదీసిన భాగాలతో జైల్స్ మార్టిన్, సామ్ ఓకెల్ చేసిన కొత్త మిక్స్ 2022 అక్టోబరు 28న వచ్చింది. ‘టాక్స్‌మ్యాన్’లో డ్రమ్స్ మధ్యకు వచ్చాయి, బాస్ విడిగా నిలబడింది. 56 ఏళ్లుగా ఒకే ముద్దగా ఉన్న శబ్దానికి చోటు దొరికింది.

ఇక్కడ ఒక గందరగోళం తొలగాలి. 2023లో బీటిల్స్ పాట ‘నౌ అండ్ దెన్’ వస్తుందన్న వార్తతో పాటు ‘ఏఐ’ అన్న మాట వినగానే, లెనన్ గొంతును యంత్రం సృష్టించిందని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. 1970ల చివర్లో లెనన్ ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న పాటలోంచి పియానోను పక్కకు తీసి, ఆయన అసలు గొంతును శుభ్రంగా బయటికి తెచ్చారు. ‘రివాల్వర్’లోనూ జరిగింది విడదీయడమే. వాయించనిది ఏదీ చేర్చలేదు.

అలాగని విడదీయడంలో అంచనా పాళ్లు లేవనలేం. రెండు వాయిద్యాలు ఒకే శ్రుతి పరిధిలో ఒకేసారి మోగినప్పుడు, తాళం తళుకు ఎక్కడ ముగిసింది, గిటార్ తీగ ఎక్కడ మొదలైంది అన్నది ప్రోగ్రామ్ నిర్ణయించాల్సిందే. నాసిరకం డీమిక్సింగ్‌లో గొంతు చుట్టూ నీటిలో మునిగినట్టు ఓ జీర వినిపిస్తుంది. ‘రివాల్వర్’లో ఆ లోపం పట్టుకోవడం కష్టమే. కానీ ఒక నష్టం మాత్రం ఉంది. ఒకే ట్రాకులో, ఒకదాన్నొకటి తోసుకుంటూ రికార్డయిన వాయిద్యాలకు ఉండే ముడి సడలిపోతుంది. ‘టుమారో నెవర్ నోస్’లో ఆ ముడే ప్రాణం. మోనోలో అది గోడలా మీదికి వస్తుంది. కొత్త మిక్స్‌లో అదే శబ్దం అందంగా పరుచుకుంటుంది, ఒత్తిడి కాస్త తగ్గుతుంది.

ఇన్నిసార్లు ఒకే ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేయడం వెనుక వ్యాపారమూ ఉంది. బ్రిటన్‌లో సౌండ్ రికార్డింగ్ హక్కుల కాలం 2013లో 50 నుంచి 70 ఏళ్లకు పెరిగింది. అప్పటికి హక్కులు ముగియని 1963, తర్వాతి రికార్డింగులకు ఆ పొడిగింపు వర్తించింది. ‘రివాల్వర్’ యజమానులకు 2036 చివరి వరకు గడువుంది కనుక కొత్త మిక్స్‌కు ఖర్చు పెట్టడం గిట్టుబాటే. 2022 నాటి పెద్ద సంచికలో 63 ట్రాకులున్నాయి. అందులో కొత్త స్టీరియో 14, అసలు మోనో 14, మిగతావి రికార్డింగ్ దశల్లోని ముక్కలు, అదే రోజుల్లో వచ్చిన ‘పేపర్‌బ్యాక్ రైటర్’, ‘రెయిన్’ పాటలు. స్ట్రీమింగ్ శ్రోతకు ఇది మేలే చేసింది. అంతకుముందు మోనో వినాలంటే 2009 నాటి బాక్స్ సెట్ లాంటివే దిక్కు.

## కొత్తదనం మామూలైపోతే

సాంకేతిక చిక్కులన్నీ తీరినా మరో అడ్డంకి మిగులుతుంది. 2020లలో మొదటిసారి వినే పాతికేళ్ల శ్రోతకు ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. వెనక్కి తిప్పిన శబ్దం, తిరిగి తిరిగి వచ్చే లూప్, యంత్రంతో మార్చిన గొంతు ఇప్పుడు ఫోన్ యాప్‌లో కూడా ఉన్నాయి. ఒక ప్రయోగం విజయవంతమైతే అందరూ దాన్ని తీసుకుంటారు, తీసుకున్నకొద్దీ మూలం మామూలుగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా చరిత్ర పాఠం చదివి వినడం కన్నా, ఆ ప్రయోగం పాటకు ఏం చేసిందో గమనించడం మేలు. ‘ఐయామ్ ఓన్లీ స్లీపింగ్’లో తిరగబడ్డ గిటార్ నిద్రమత్తు పాటకు సరిగ్గా అతుకుతుంది. అది చమత్కారం కోసం చేసినదైతే ఈపాటికి వెలిసిపోయేది.

కొన్ని సంగతులు కాలంతో జారిపోయాయి. ‘టాక్స్‌మ్యాన్’ కోపం అర్థం కావాలంటే నాటి నాణేల లెక్క తెలియాలి. 1971కి ముందు బ్రిటిష్ పౌండుకు 20 షిల్లింగులు. అందులో 19 సర్కారుకు, ఒకటి సంపాదించినవాడికి అన్నది ఈ పాట రాసిన బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ ఫిర్యాదు. అత్యధిక ఆదాయాల మీద పన్ను నిజంగానే ఆ దరిదాపుల్లో ఉండేది. పాటలో పేరుపెట్టి ప్రస్తావించిన ఇద్దరిలో విల్సన్ లేబర్ ప్రధాని, హీత్ కన్సర్వేటివ్ ప్రతిపక్ష నేత. అధికారంలో ఎవరున్నా ఒకటేనన్న నిరసన అది.

హారిసన్ రాసిన ‘లవ్ యూ టు’ మాత్రం భారతీయ శ్రోతకు కొత్త లెక్క. 1966 ఏప్రిల్ 11న మొదలైన ఈ పాటలో లయ లేని ఆలాపనతో సితార్ తెర తీస్తుంది, తబలా వచ్చి చేరుతుంది, చివర వేగం పెరిగి ముగుస్తుంది. హిందుస్తానీ కచేరీ వరుసను మూడు నిమిషాల్లోకి కుదించే ప్రయత్నం ఇది. తబలా వాయించిన అనిల్ భగవత్ లండన్‌లోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ ద్వారా వచ్చారు. ఆయన పేరు అట్ట మీద అచ్చయింది. అప్పటికి హారిసన్ సితార్ విద్వాంసుడు రవిశంకర్‌ను కలవనేలేదు, వారి పరిచయం జూన్‌లో. అందుకే దీన్ని శిష్యుడి కచేరీగా తూచడం అన్యాయం. పాశ్చాత్య వాయిద్యాల పాటకు సితార్ అలంకారంగా అతికించే ధోరణిని దాటి, పాట నిర్మాణాన్నే అటునుంచి తెచ్చుకోవడంలో ఈ పాట విలువ ఉంది.

ఒక సంగతి తరచూ మరుగున పడుతుంది. విడుదలైన నెలలోనే, ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో బీటిల్స్ తమ చివరి టికెట్ కచేరీ ముగించారు. ఆ పర్యటనలో ‘రివాల్వర్’ పాట ఒక్కటీ పాడలేదు. నలుగురు మనుషులు వేదిక మీద తిరిగి వాయించలేని సంగీతం అది. టేపు మీద తప్ప అది ఎక్కడా లేదు కాబట్టే ఏ టేపు, ఏ మిక్స్ అన్న ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం.

## డమ్‌డమ్ దారిలో తెలుగు పాట

ఈ కథకు తెలుగు శ్రోతతో ఓ దూరపు బంధుత్వం ఉంది. యాబీ రోడ్ స్టూడియోను నడిపిన ఈఎంఐకే గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అప్పట్లో అనుబంధ సంస్థ. కలకత్తా శివార్లలోని డమ్‌డమ్ కర్మాగారంలో బీటిల్స్ రికార్డులూ అచ్చయ్యాయి, హెచ్‌ఎంవీ, కొలంబియా లేబుళ్ల మీద తెలుగు సినిమా పాటలూ అచ్చయ్యాయి. బ్రిటన్‌లో 78 ఆర్‌పీఎం రికార్డులు కనుమరుగయ్యాక కూడా ఇక్కడ బీటిల్స్ పాటలు ఆ పాత పళ్లేల మీద వచ్చాయి.

పోలిక ఇక్కడితో ఆగదు. 1960లలో మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి వాయిస్తే మోనోలో రికార్డు చేసేవారు. నాలుగు ట్రాకుల వసతి కూడా లేదు. ఘంటసాల, సుశీల పాడిన ఆనాటి యుగళగీతాలకు ‘స్టీరియో’ అని పేరుపెట్టి ఆన్‌లైన్‌లో తిరిగే ప్రతులు చాలావరకు మోనో శబ్దాన్ని ఫిల్టర్లతో రెండుగా చీల్చినవో, కొత్త తాళం అతికించినవో. డీమిక్సింగ్ శ్రద్ధగా వాడితే ఆ పాటల్లో వీణ, వేణువు, గొంతు విడివిడిగా పలికించే వీలుంది. అశ్రద్ధగా వాడితే ఆ నీళ్ల జీరే మిగులుతుంది. యాబీ రోడ్ అనుభవంలో గమనించాల్సింది మరొకటుంది. అక్కడ అసలు టేపులు పాడవకుండా నిలిచాయి. ఎంత మంచి ప్రోగ్రామ్ అయినా అరిగిపోయిన రికార్డు మీద చేయగలిగింది తక్కువ. మాస్టర్ టేపులను వెతికి భద్రపరచడం ముందు జరగాలి.

## ఏది వినాలి

స్ట్రీమింగ్ యాప్‌లో ‘రివాల్వర్’ అని వెతికితే 2009 రీమాస్టర్, 2022 సంచిక రెండూ కనిపిస్తాయి. మొదటిది 1966 స్టీరియోనే శుభ్రపరిచిన ప్రతి. ఆపిల్ మ్యూజిక్‌లో శబ్దం చుట్టూరా నుంచి వస్తున్నట్టు వినిపించే డాల్బీ అట్మాస్ ఆన్ చేసి ఉంటే 2022లో చేసిన మరో రూపం వినిపించవచ్చు. సెట్టింగ్స్ చూడకపోతే ఏది వింటున్నదీ తెలియదు. ఇయర్‌ఫోన్స్‌తో వినేవారు 2022 స్టీరియోతో మొదలుపెట్టడం మంచిది. ‘టాక్స్‌మ్యాన్’, ‘షీ సెడ్ షీ సెడ్’, ‘అండ్ యువర్ బర్డ్ కెన్ సింగ్’ అందులోనే బాగా తెరుచుకుంటాయి. పాటలు పరిచయమయ్యాక అదే సంచికలో చివరివైపు ఉన్న మోనో 14 పాటలను వరసగా, షఫుల్ లేకుండా, వీలైతే ఒకే స్పీకరు మీద వినాలి. ఏడో పాట తర్వాత ఓ నిమిషం ఆపితే ఎల్పీ తిప్పే చోటు అదే. ‘గుడ్ డే సన్‌షైన్’ రెండో వైపును ఎందుకు మొదలుపెట్టిందో అప్పుడు వినిపిస్తుంది. పాత స్టీరియోకు స్పీకర్లున్న గది కావాలి.